శ్వేతశృంగం మీది పచ్చతోట

శ్వేతశృంగం మీద సూర్యుడు ఉదయిస్తాడు గాని వెచ్చబెట్టడు. ఆకాశం స్ఫటికంలా మెరుస్తుంది. శిఖరాలు వెండి కిరీటాలు పెట్టుకుని ధగధగలాడతాయి. లోయల్లో నీలిరంగు మంచు పొరలు పొరలుగా పరుచుకుని కనులపండువుగా ఉంటుంది. చూసి పోవడానికి వచ్చినవాడికి అది స్వర్గమే. అక్కడ ఉండిపోవలసినవాడికి మాత్రం మాట్లాడటానికి మనిషి, వినడానికి పక్షి కూత, వాసన చూడటానికి పువ్వు లేని చోటు.

ఆ శిఖరం నడినెత్తిన నల్లరాతి కోట, కోట వెనక ఒక తోట. చుట్టూ ఎటు చూసినా తెలుపే. ఆ తెలుపు మధ్య వరసలు వరసలుగా పచ్చటి చిట్టాకు పొదలు! బొటనవేలి గోరంత ఆకులు మైనం పూసినట్టు నిగనిగలాడుతూ, చీమ దూరే సందు లేకుండా అల్లుకుని ఉంటాయి. కొన్నింటిని గోపురాల్లా, కొన్నింటిని పూర్ణకుంభాల్లా, కొన్నింటిని నిలబడిన మనుషుల్లా కత్తిరించారు. ఎంత చలిలోనూ అవి ఆకు రాల్చవు. మేకలు కూడా వాటిని ముట్టవు, ఆకు చేదూ విషమూ కనక. ఎండ తగిలితే అదో రకం ఘాటు వాసన వేస్తాయి.

ఆ పొదలన్నీ ఒకప్పుడు మనుషులు. మాంత్రికుడు హిమదంష్ట్రుడు కాపురముండే ఈ కోట మీదికి కత్తి ఎత్తి వచ్చినవాళ్ళు.

వాళ్ళలో కడపట వచ్చినది మందారవాటి రాజ్యాన్ని ఏలే రాణి తరంగవల్లి. కొండదారిన పోయే బిడారులు మాయమైపోతున్నాయని ప్రజలు మొరపెట్టుకుంటే, ఆ మాంత్రికుడి సంగతి తేల్చి వస్తానని ఒంటరిగా గుర్రమెక్కింది. ఏడాది గడిచినా తిరిగి రాలేదు. ఆమెకున్న ఒకే ఒక తోడబుట్టినవాడు ఇంద్రనీలుడు. తల్లి పోయిన తరవాత అక్క చేతి ముద్దలు తిని పెరిగినవాడు. అతడు సింహాసనాన్ని మంత్రులకు అప్పగించి అక్కను వెతుక్కుంటూ బయలుదేరాడు. ఎండమావుల ఎడారి దాటి, మొసళ్ళ ఏరు ఈది, గుహలో తపస్సు చేసుకునే జడముని కాళ్ళమీద పడ్డాడు.

జడముని చెప్పింది ఇది: "మీ అక్క హిమదంష్ట్రుడి తోటలో పొదై ఉంది. మంచు కరిగాక, కొత్త చిగురు వేయకముందు, ఆ పొదను రెండు చేతులా పట్టుకో. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియని ముద్దుపేరుతో పిలువు. పొద ఆమెదే అయితే మనిషై లేస్తుంది. కాకపోతే నీ కాళ్ళకే వేళ్ళు పుట్టి అక్కడే పాతుకుపోతావు. రెండోసారి పిలిచే అవకాశం ఎవరికీ లేదు, నాయనా."

తరంగవల్లిని తల్లి 'తూనీగా' అని పిలిచేది, ఒక్కచోట నిలవదని. ఆ పేరు ఇప్పుడు లోకంలో ఒక్క ఇంద్రనీలుడికే తెలుసు. తెలియనిదల్లా ఏ పొదను పట్టుకుని ఆ పేరు పిలవాలన్నదే.

జుట్టు కత్తిరించుకుని, మొహానికి మసి రాసుకుని, గొంగళి కప్పుకుని, మల్లడనే తోటమాలి వేషంలో ఇంద్రనీలుడు శ్వేతశృంగం ఎక్కాడు. అప్పుడు ఆకురాలు కాలం.

హిమదంష్ట్రుడంటే కోరలూ నిప్పుకళ్ళూ ఉంటాయనుకుంటున్నారేమో. అవేం లేవు. గాలేస్తే ఎగిరిపోయేలాంటి ముసలివాడు, ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు. ముక్కుమీద కోపం. చిన్నతనంలో చలి కొరికేయడంతో రెండు చేతులకూ వేళ్ళు లేవు, మొండి అరచేతులే. మనిషిని మొక్కను చేసే మంత్రం ఆయనకు వచ్చు. ఆ మొక్కను చలికి చావకుండా కాపాడే మంత్రం మాత్రం ఏ తాళపత్రంలోనూ దొరకలేదు. దానికి చేతివేళ్ళు కావాలి. అందుకే తోటపనికొచ్చానన్నవాణ్ణి ఆయన పాతిపెట్టకుండా లోపలికి రానిచ్చాడు.

"ఏ ఊర్రా నీది?"

"దిగువ దేశమండీ స్వామీ. మా నాయనా, మా తాతా అందరం తోటపనివాళ్ళమే."

"దిగువవాళ్ళకి నీళ్ళు పోసి చంపడం తప్ప ఏం తెలుసు! చెబుతాను, చెవిన పెట్టుకో. నేల గడ్డకట్టకముందే ఒక్కో పొదకీ కడుపునిండా నీళ్ళు తాగించాలి. గడ్డకట్టాక అడిగినా అది తాగలేదు. మొదట్లో ఎండుటాకులు మందంగా పరవాలి, వేళ్ళు పైపైనే ఉంటాయి దీనికి. ఎండొచ్చే వైపూ, గాలొచ్చే వైపూ గోనెపట్టాలు కట్టు. గోనె ఆకులకి తగలనీకు. అర్థమైందా?"

"అయింది స్వామీ. చలిగాలికి అడ్డం సరే, ఎండకి కూడా అడ్డమెందుకండీ?"

"ఎండే అసలు శత్రువురా, తెలివితక్కువ సన్నాసీ! పైన ఎండ ఆకుల్లో తడి పీల్చేస్తుంది, కింద వేళ్ళు గడ్డలో బిగుసుకుని గుక్కెడు నీళ్ళు కూడా పైకి పంపలేవు. దాహంతో చస్తుంది, చలితో కాదు. ఇంకో మాట. ఇప్పటినించి మంచు కరిగేదాకా ఏ పొదమీదా కత్తెర పెట్టకు. పెట్టావో, నీ ఒంటికే కొమ్మలు మొలిపిస్తాను!"

ఇంద్రనీలుడు చేతులు కట్టుకుని తలూపాడు. అతడి కళ్ళు మాత్రం అప్పటికే పొదల మధ్య వెతుకుతున్నాయి.

తోట నడిమధ్యన ఒక పొద ఉంది. అన్నింటికన్నా పొడుగు. నిటారుగా లేచి, పైన కొద్దిగా ఎడమకు ఒరిగి, ఎవరి మాటో వింటున్నట్టు ఉంటుంది. తరంగవల్లి పొడగరి. కొలువులో మొర వింటున్నప్పుడు సరిగ్గా అలాగే తల ఒరగేస్తుంది.  ఇంద్రనీలుడు అటూ ఇటూ చూసి దగ్గరకు పోయి, "అక్కా! నేనే, నీలూని" అన్నాడు గుసగుసగా. ఆకు కదలలేదు.

అదే అక్క అని అతడికి నూటికి తొంభై పాళ్ళు నమ్మకం. తక్కిన పది పాళ్ళే అతణ్ణి తినేస్తున్నాయి. రెండోసారి పిలిచే అవకాశం లేదు కదా! పొద పైభాగం గుబురుగా పెరిగిపోయి ఉంది. ఆ గుబురు తీస్తే మొహం పోలిక తెలుస్తుందేమో! ఒకరోజు మాంత్రికుడు మధ్యాహ్నపు కునుకు తీస్తుండగా కత్తెర తీశాడు. మందారవాటిలో మల్లెతీగను ఎప్పుడు కత్తిరించినా వారం తిరిగేసరికి రెట్టింపు పెరుగుతుంది. ఇదీ అంతే అనుకున్నాడు. కణతలు తీశాడు, మెడ సన్నం చేశాడు, గడ్డం కొస దిద్దాడు. పని అయ్యాక వెనక్కి జరిగి చూస్తే, తను దిద్దిన మొహమే కనిపించింది. అది అక్కదో, అక్కను తలచుకుంటూ తన చేతులు చేసిన బొమ్మో తెలియలేదు.

తరవాత కొన్నాళ్ళు ఆ కాలానికి లేని ఎండ కాసింది. కత్తిరించిన చోటల్లా లేత చిగుళ్ళు తొడిగాయి. ఇంద్రనీలుడు ఉప్పొంగిపోయాడు. అక్క విన్నది, జవాబిచ్చింది, ఇంకేం కావాలి!

ఒకనాడు తెల్లవారి లేచి చూసేసరికి తోటంతా పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. పచ్చటి పొదలన్నీ చెక్కుచెదరలేదు. నడిమి పొద ఒక్కటే, నెత్తినుంచి నడుం దాకా, వేయించిన ఆకులా మాడిపోయి ఉంది.

ఇంద్రనీలుడు అక్కడే మంచులో కూలబడ్డాడు. వెనకనుంచి దగ్గు వినిపించింది.

"ఎవర్రా దీన్ని కత్తిరించింది?" హిమదంష్ట్రుడు పళ్ళు పటపటలాడించాడు. "చెప్పానా లేదా? చలికాలం ముందు పొద నిద్రకి సిద్ధమవుతుంది, తోలు గట్టిపరచుకుంటుంది. నువ్వు గిల్లి లేపావు. పసిచిగురేసింది. పసిదాన్ని పట్టుకెళ్ళి మంచులో పడుకోబెడితే బతుకుతుందా?"

"తప్పయిపోయింది స్వామీ! నేను... నేను చంపేశానా?"

"వసంతానికి తెలుస్తుంది. అప్పటిదాకా దీనికి నువ్వే కాపలా. అది చచ్చిందా, దీని పక్కనే నీకు గొయ్యి."

ఆ శాపం ఇంద్రనీలుడికి వరంలా ఉంది. దాని దగ్గరే ఉండమన్నారు, ఇంకేం కావాలి? నాలుగు గుంజలు పాతి గోనెపట్టాలు చుట్టాడు. తన గుడిసెలో పరుచుకున్న ఎండుగడ్డి తెచ్చి దాని మొదట్లో పరిచాడు. తను ఉత్త నేలమీద పడుకున్నాడు.

చలికాలం దిగింది. ఆ కొండమీద చలికాలమంటే అంతులేనిది. రోజంతా పని ఒక్కటే. మంచు కురిసినప్పుడల్లా వెదురుచీపురు తీసుకుని పొదలమీది బరువు దించాలి. కిందినుంచి పైకి, మెల్లగా, బిడ్డ తల నిమిరినట్టు దులపాలి. తొందరపడి పైనుంచి కొడితే గడ్డకట్టిన కొమ్మ పుటుక్కున విరుగుతుంది. మొదట్లో ఒకసారి అలాగే విరిచాడు. విరిగిన చోటినుంచి ఒక మూలుగు వినిపించింది, మగమనిషి గొంతు.  "క్షమించు బాబూ, ఎవరివో" అంటూ ఆ కొమ్మకు గుడ్డ కట్టాడు. దారిలో ఊడ్చిన మంచునంతా వాకిలి పక్క గట్టుమీద పోసేవాడు. అక్కడ అరచేతి ఎత్తు పిలకలు రెండు మూడున్నాయి. వాటిని పట్టించుకున్నదెవరు?

పని లేనప్పుడల్లా నడిమి పొద దగ్గర కూర్చునేవాడు. ఇంటి కబుర్లన్నీ చెప్పేవాడు. "మన వంటగదిలో పిల్లి ఈనింది అక్కా, నువ్వొచ్చాక పేర్లు పెడదామని ఊరికే ఉంచాం. నీ గుర్రం నీ చీర కొంగు వాసన చూస్తేగాని దాణా తినడం లేదు." చెప్పిన కబుర్లే మళ్ళీ చెప్పేవాడు. కబుర్లు అయిపోయాక ఊరికే "అక్కా" అనేవాడు. తన గొంతు తనకే వినిపించకపోతే ఉన్నానో లేనో తెలియని పరిస్థితి. అంత ఒంటరితనం ఎవరికీ వద్దు.

ఒక పగలు తుఫాను లేచింది. చూస్తుండగా ఆకాశమూ నేలా కలిసిపోయి తెల్లటి గోడ అయింది. గాలి ఒక్క ఊపులో గుంజలు పీకి గోనెపట్టాలను గద్దలా ఎత్తుకుపోయింది. ఇంద్రనీలుడు ముందూ వెనకా చూడకుండా వాటి వెంట పరిగెత్తాడు. పట్టా అంచు చేతికి చిక్కింది. అదే క్షణంలో కాలికింద మంచు పెళ్ళలు విరిగి లోయలోకి జారాడు! పట్టాకు కట్టిన తాడు ఒక రాతి కొనకు తగులుకోబట్టి గాలిలో వేలాడాడు. కింద లోయ నోరు తెరుచుకుని ఉంది. తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. మొలలోంచి కత్తెర తీసి మంచుగోడలో గుచ్చాడు, రెండో చేత్తో రాతిని పట్టాడు, గోళ్ళు ఊడుతున్నా వదలకుండా పాకాడు. ఆఖరి పోగు తెగే సమయానికి గట్టుమీద బోర్లా పడ్డాడు. పట్టా మాత్రం పళ్ళతో కరిచిపట్టుకునే ఉన్నాడు. పాకుతూ వచ్చి దాన్ని పొదకు చుట్టి, గుంజలు లేకపోతే తనే గుంజగా నిలబడ్డాడు, తుఫాను పోయేదాకా.

గాలి తగ్గాక హిమదంష్ట్రుడు మొండి అరచేతుల మధ్య వేడి జావ ముంత పట్టుకుని వచ్చాడు. తాగమన్నట్టు మొహం ముందు పెట్టాడు.

"ఎవరితోరా రోజూ మాట్లాడతావు?"

"పొదతోనండీ."

"ఏమైనా అంటుందా?"

"అనదండీ."

"అంటే నాకూ చెప్పు. నేనూ చిన్నప్పటినించీ అడుగుతున్నా." ముసలివాడు దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంద్రనీలుడికి ఆయనమీద ఎంత కసి ఉన్నా, ఆ అడుగుల చప్పుడు దూరమవుతుంటే కాసేపు ఉండమని అడగాలనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎట్టకేలకు మంచు కరిగింది. కోట కప్పుమీదనుంచి నీళ్ళు ధారలు కట్టాయి. నల్లటి నేల అక్కడక్కడా బయటపడింది. ఇంద్రనీలుడు గోనెపట్టాలు విప్పాడు. పొద ఇంకా గోధుమరంగులోనే ఉంది. గుండె రాయి చేసుకుని ఒక కొమ్మమీద బెరడును గోటితో గీరాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. బతికే ఉంది!

కన్నీళ్ళు జలజలా రాలాయి. చిగురు ఇంకా రాలేదు, మంచు పోయింది, ముని చెప్పిన ఘడియ ఇదే. రెండు చేతులా పొదను కావలించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పేరు పిలవడానికి నోరు తెరిచాడు.

"ఒరే మల్లా! దాన్ని కావలించుకున్నది చాలు, గొడ్డలి అందుకో!"

ఇంద్రనీలుడు ఉలిక్కిపడి నోరు మూశాడు. హిమదంష్ట్రుడు వెనకే నిలబడి ఉన్నాడు.

"గొడ్డలా? బతికే ఉంది స్వామీ! చూడండి, లోపల పచ్చి ఉంది."

"ఉంటే మాత్రం? నువ్వు దాని రూపు చెడగొట్టావు. మళ్ళీ ఆ ఎత్తుకి రావాలంటే నేను బతికుండను. దుంగ మాత్రం బంగారం! దంతంలా గట్టిది, చెక్కితే నునుపు తేలుతుంది. చదరంగం బొమ్మలు చేయించుకుంటా. దాని మొదలు చూడు, నీ పిడికిలంత లావు. ఎన్నాళ్ళ చెట్టనుకుంటున్నావు?"

"ఎన్నాళ్ళ... పెద్ద మనిషి ఎత్తుంది కదండీ. ఏడాదో, రెండేళ్ళో..."

హిమదంష్ట్రుడు దగ్గు ముంచుకొచ్చేదాకా నవ్వాడు. "దిగువవాడివనిపించుకున్నావు! మీ ఊళ్ళో ఆముదం మొక్క అనుకున్నావా, ఒక్క వానకి ఇంటి కప్పు దాటడానికి? ఇది ఏడాదికి గోరంత పెరుగుతుందిరా. దీన్ని నేను నాటలేదు, మా గురువు నాటాడు. నేను శిష్యుడిగా వచ్చేనాటికే నా భుజాలదాకా ఉండేది."

ఇంద్రనీలుడి చేతులు వాటంతటవే పొదను వదిలేశాయి. ఇంకొక్క క్షణం గడిచి ఉంటే ఆ పేరు ఇక్కడే పలికి పాతుకుపోయేవాడు!

ఏమీ ఎరగనట్టు అడిగాడు. "అయితే స్వామీ, కొత్తగా నాటినవి ఏ మాత్రం ఉంటాయండీ?"

"కొత్తవా? అదుగో, వాకిలి పక్క గట్టుమీద. నువ్వు చలికాలమంతా మంచు కుమ్మరించావు చూడు, అక్కడ. ఆ చివరిది అన్నింటికన్నా కొత్తది. మందారవాటి రాణిట! కత్తి దూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు నా చెప్పు ఎత్తు లేదు."

చలికాలమంతా తను ఊడ్చిన మంచంతా అక్కమీదే పోశాడన్నమాట!  గొడ్డలి తెస్తానని చెప్పి, నీళ్ళకుండ భుజానికెత్తుకుని, తోటమాలి నడకతోనే వాకిలివైపు నడిచాడు. పరిగెత్తితే అంతా చెడుతుందని తెలుసు. కాళ్ళు మాత్రం పరిగెత్తమంటున్నాయి.

గట్టుమీద మురికిమంచు ఇంకా కొంచెం మిగిలి ఉంది. చివరికొసన చేతులతో తోడాడు. అడుగున అరచేతంత పిలక కనిపించింది. ఒక్క ఆకు కూడా వాడలేదు. ఎండా గాలీ సోకకుండా ఆ మంచే దాన్ని కప్పి కాపాడింది. ఇంద్రనీలుడు మోకాళ్ళమీద కూలబడి, దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, "తూనీగా" అన్నాడు.

నేల అదిరింది. పిలక చుట్టూ పచ్చటి వెలుగు సుడులు తిరుగుతూ లేచింది. ఆకులు కవచపు రేకులయ్యాయి, కొమ్మలు చేతులయ్యాయి. మట్టి వాసనతో, చెదిరిన జుట్టుతో, దూసిన కత్తి చేతిలో అలాగే ఉండగా, రాణి తరంగవల్లి నిలబడి ఊపిరి పీల్చింది!

"అమ్మ పిలిచినట్టయింది" అంది చుట్టూ చూస్తూ. తరవాత కిందికి చూసింది. "ఒరేయ్ నీలూ! ఇంత చిక్కిపోయావేమిట్రా?"

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. తోట మధ్యనుంచి హిమదంష్ట్రుడు ఈల వేశాడు. మంచుగుట్టలు రెండు కదిలి, ఒళ్ళు విరుచుకుని, గాజు కోరలున్న తోడేళ్ళై దూకాయి. మొదటిదాన్ని తరంగవల్లి గాలిలోనే నరికింది. అది వెయ్యి పెళ్ళలై రాలింది. రెండోది ఇంద్రనీలుడి గొంతుకు గురిపెట్టి ఎగిరింది. అతడు నీళ్ళకుండ దాని నెత్తిన బద్దలుకొట్టాడు. తడిసినచోట కరిగి అది తూలింది, రాణి కత్తి దాన్ని రెండు ముక్కలు చేసింది. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని వాకిలి దాటించింది. ఎదురుగా తాళ్ళ వంతెన, దానికవతల దిగువకు పోయే దారి. ఇద్దరూ వంతెన సగందాకా వచ్చేశారు.

"పారిపో తోటమాలీ!" మాంత్రికుడి అరుపు వినిపించింది. "నువ్వొకటి పట్టుకుపోతే నేనొకటి నరుక్కుంటా!"

ఇంద్రనీలుడు వెనక్కి తిరిగి చూశాడు. హిమదంష్ట్రుడు గొడ్డలిని మొండిచేతుల మధ్య ఇరికించుకుని నడిమి పొదమీద వేశాడు. వేళ్ళు లేని దెబ్బ, సరిగా పడలేదు, బెరడు చెక్కుకుపోయింది. మూలుగు వినిపించింది. ఇన్నాళ్ళూ ఎంత బతిమాలినా పలకని పొద!

"పద నీలూ! ఏమిటి చూస్తావ్?"

"అక్కా, నువ్వు నడు. నేను రాలేను."

"ఎవరది? మనవాళ్ళా?"

"తెలీదు."

"మరి నీకెందుకురా?"

"చలికాలమంతా దాన్నే నువ్వనుకున్నానక్కా. నా చేత్తోనే కాల్చేశాను. దానికి ఎవరూ రారు. వచ్చేవాళ్ళందరూ ఎప్పుడో పోయి ఉంటారు."

చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. గొడ్డలి రెండోసారి లేచేసరికి పొదకూ గొడ్డలికీ మధ్య నిలబడ్డాడు. వెనకే తరంగవల్లి కత్తి మాంత్రికుడి మెడమీద ఆనింది.

"నరుకు రాణీ" అన్నాడు హిమదంష్ట్రుడు ఆయాసపడుతూ. "నా తరవాత మంత్రం నిలిపే శిష్యుడు లేడు, నాతోపాటు ఈ తోటంతా ఎండిపోతుంది. ఇంకెవరూ మనుషులు కారు. నరుకు!"

కత్తి ఆగిపోయింది. ఇంద్రనీలుడు చేతులు జోడించాడు. "స్వామీ, దీని పేరేమిటి?"

"నాకేం తెలుసురా! పడమటి సముద్రంమీద ఏదో ఓడలో వచ్చాడో, వచ్చిందో. మా గురువు అంతే అనేవాడు." ముసలివాడి చేతుల్లోంచి గొడ్డలి జారి పడింది. చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు తగ్గాక గొంతు మారింది. "నువ్వుంటావా మల్లా? తోటలో ఉంటానంటే దీన్ని ముట్టను. మళ్ళీ మంచు కురిసి కరిగేదాకా గడువు. ఈలోగా ఎవరైనా పేరు తెచ్చి పిలిస్తే తీసుకుపోండి. తేలేకపోతే మీ అక్క లేచిన గుంటలో నువ్వు నిలబడాలి."

"ఉంటాను" అన్నాడు ఇంద్రనీలుడు.

"వాడు ఉండడు!" అని అరిచింది తరంగవల్లి. తమ్ముడి మొహం చూసింది. వాడు పసివాడుగా ఉన్నప్పుడు కూడా ఆ మొహం పెడితే ఎవరూ ఒప్పించలేకపోయేవారు. దగ్గరకు లాక్కుని నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. "పడమటి సముద్రం ఎంత దూరమైనా సరే, ఆ పేరు తెస్తాను. ఇన్నాళ్ళూ ఒక్కచోట నిలబడి విసిగిపోయాను, నాకు తిరగడమే కావాలి. నువ్వు మాత్రం తిండి తినరా."

వంతెన దాటి, మలుపు తిరిగి, రాళ్ళమధ్య చుక్కలా మిగిలి, ఆమె కనుమరుగైపోయింది. తను వెతుక్కుంటూ వచ్చిన అక్కతో మాట్లాడిన మాటలు చేతివేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇంద్రనీలుడు వాకిట్లో అలాగే నిలబడిపోయాడు.

"గుడ్లప్పగించి చూస్తావేం?" అన్నాడు వెనకనుంచి హిమదంష్ట్రుడు. "బెరడు తెగింది, మట్టి మెత్తు. నీళ్ళు పొయ్యి."

ఇంద్రనీలుడు తడిమట్టి పిసికి గాయానికి మెత్తాడు. ఇంకో కుండ తెచ్చి మొదట్లో మెల్లగా పోశాడు. అలవాటుగా "అక్కా" అనబోయి ఆగాడు. అన్నా అనాలో, అమ్మా అనాలో, తాతా అనాలో తెలియలేదు. పొదకు దగ్గరగా వంగి, "నేనే" అన్నాడు.